గంధకం, వేపనూనె, గిరిబాబు

గిరిబాబుకి కాఫీ అంటే ప్రాణం. తాగేది మాత్రం టీ.

బోసుబొమ్మ సెంటర్లో టీకొట్టు ముందు నిలబడి ‘కాఫీ’ అనాలంటే ‘కా’ దగ్గరే గొంతుకి ఎవరో తాళం వేసినట్టవుతుంది. దవడ బిగుసుకుంటుంది, మెడ నరం లేస్తుంది, కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. తెరిచి చూసేసరికి వెనకున్న నలుగురూ ముందుకొచ్చి, గ్లాసులందుకుని, సగం తాగేసి ఉంటారు. ఎందుకొచ్చిన గొడవని పెళ్ళికి ముందే కాఫీ వదిలేశాడు. వేలు చూపిస్తే టీ వస్తుంది. వచ్చింది తాగుతాడు.

ఇలా వదిలేసుకున్నవి చాలా ఉన్నాయి. విస్సన్నపేట నుంచి బస్సులో వస్తుంటే కండక్టరు ఎక్కడికని అడిగితే ‘తిరువూరు’ అనడు, ‘లాస్టు’ అంటాడు. ‘ల’ పర్వాలేదు, కాస్త జాలిగల అక్షరం. బ్యాంకులో పేరడిగితే ఆధార్ కార్డు తీసి అద్దం కింద నుంచి లోపలికి తోస్తాడు. ‘గి’తో మొదలయ్యే పేరు పెట్టిన వాళ్ళ నాన్న మీద చిన్నప్పుడు కోపం ఉండేది. ఇప్పుడు ఆయనా లేడు, కోపమూ లేదు. పేరు మాత్రం మిగిలింది.

చిన్నప్పుడు వాళ్ళమ్మ పిచ్చమ్మ చేయని వైద్యం లేదు. వసకొమ్ము తేనెలో అరగదీసి రోజూ పొద్దున్నే నాలుక మీద రాసేది. నాలుక మండేది గానీ మాట కదిలేది కాదు. ఎవరో చెప్పారని నోట్లో గులకరాళ్ళు పెట్టి పద్యాలు చదివించింది. ఒక రాయి మింగేశాడు, దాంతో ఆ వైద్యం ఆగిపోయింది. విజయవాడలో ఒక డాక్టరు, “భయపడకుండా నెమ్మదిగా మాట్లాడు బాబూ” అని ఫీజు తీసుకున్నాడు. భయపడకుండా ఎలా ఉండాలో మాత్రం ఆయన చెప్పలేదు.

డిగ్రీ పాసయ్యాడు. రాతపరీక్షల్లో బాగానే వచ్చేవి మార్కులు. ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు కూడా. లోపలికి వెళ్ళి కూర్చున్నాక మొదటి ప్రశ్న, నీ పేరేంటి. గిరిబాబు ‘గ... గ...’ అంటుండగానే ఎదురుగా ఉన్నాయన ఫైలు చూసి పేరు తనే చదివేసుకున్నాడు. “పర్లేదు, మంచినీళ్ళు తాగండి” అన్నాడు. తాగాడు. బయటికొచ్చేశాడు. అంతే ఇంటర్వ్యూ.

పెళ్ళయి కొత్త పెళ్ళికూతుర్ని ఇంటికి తీసుకొస్తే గడప దగ్గర అక్కచెల్లెళ్ళు అడ్డం నిలబడి పేర్లు చెప్పమంటారు కదా. “మీ ఆవిడ పేరు చెప్తేనే లోపలికి” అని గిరిబాబు అక్క చేతులు చాపి నిలబడింది. వీడియో వాడు లైటు ముఖం మీదే పెట్టాడు. ‘శ్రీ’ దగ్గర గిరిబాబు ఇరుక్కుపోయాడు. చుట్టూ నవ్వులు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. అది ఇంకా దారుణం. అప్పుడు పక్కనున్న శ్రీవల్లి తల ఎత్తి, “నేను శ్రీవల్లిని, ఈయన గిరిబాబు గారు, ఇద్దరం వచ్చాం, ఆకలేస్తోంది, దారివ్వండి వదినా” అనేసింది. అందరూ గొల్లున నవ్వారు. అందరికీ నచ్చింది ఆ పిల్ల. గిరిబాబుకీ నచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ అతని మాట ఆమే మాట్లాడుతుంది. గ్యాస్ బండకి ఆమే ఫోన్ చేస్తుంది. కూతురు అనూహ్య స్కూల్లో మీటింగుకి ఆమే వెళ్తుంది. అనూహ్య కూడా “నాన్న బిజీ” అని చెప్పడం నేర్చుకుంది.

ఉద్యోగం ఇచ్చింది దశరథరామయ్య గారు. తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఆయనకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. రైతులంతా మందుల కొట్టు అంటారు. “నోటితో ఏం పనిరా? చెయ్యి మంచిదైతే చాలు” అని చేర్చుకున్నాడు. అది నిజమే. రైతు పురుగు తిన్న ఆకో, మాడిన కొమ్మో తెచ్చి కౌంటరు మీద పడేస్తాడు. గిరిబాబు చూసి, అరలోంచి డబ్బా తీసి, దాని మూత చూపించి, డబ్బా నీళ్ళకి ఎన్ని మూతలు పోయాలో వేళ్ళతో చూపిస్తాడు. రెండు మందులు కలపకూడనివైతే విడివిడిగా రెండు సంచుల్లో కట్టి, మధ్యలో చెయ్యి అడ్డంగా ఊపుతాడు. రైతులకి అర్థమయ్యేది. కొట్లో అతని రోజులు అలా వేళ్ళ మీద నడిచిపోతున్నాయి.

నడిచాయి, మొన్నటి మామిడిపూత దాకా.

ఆ రోజు కొట్టు కిటకిటలాడుతోంది. పూతకి బూడిద తెగులు మొదలైందని, తేనెమంచు పురుగు పట్టిందని పల్లెల నుంచి అందరూ ఒకేసారి దిగారు. షావుకారు ఫోన్లో ఉన్నాడు. వినగడప నుంచి వెంకాయమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక మామిడితోట ఆమే చూసుకుంటోంది. ఆ తోటలో బంగినపల్లి మొక్కలు నాటినప్పుడు బోరు కూడా లేదు, బిందెలతో మోసి పోసింది. ఈ కొట్టుకి పాత ఖాతా. చదువు రాదు గనక గిరిబాబు వేళ్ళ లెక్క ఆమెకి బాగా నప్పేది.

“ఏం గిరిబాబూ, పిల్ల బాగుందా? పూతకి బూడిద కొట్టింది. పురుగు కూడా చూసుకోవాల. మంచి మందులియ్యి” అంది.

గిరిబాబు గంధకం పొడి పాకెట్లు, వేపనూనె డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. గంధకం బూడిద తెగులుకి, నూనె పురుగుకి. రెండూ మంచివే. కానీ రెంటినీ కలిపి కొడితే పూత మాడిపోతుంది. ఒకటి కొట్టాక కనీసం రెండు వారాలు ఆగి రెండోది కొట్టాలి. వేరే సంచి కోసం అతను కిందికి వంగేలోపు వెంకాయమ్మ తన గుడ్డసంచి తెరిచి రెండూ అందులోనే పడేసుకుంది.

“రెండూ ఒకే డ్రమ్ములో పోసి కొట్టేస్తే ఒక్క రోజు కూలీతో పోద్దిగా?” అని అడిగింది.

గిరిబాబు నోరు తెరిచాడు. “క... క...”

కలపొద్దు. అంతే, ఒక్క మాట. తల ముందుకీ వెనక్కీ ఊగింది. మాట ఇరుక్కున్నప్పుడల్లా అలాగే ఊగుతుంది, గోతిలో పడ్డ బండిని భుజంతో తోసినట్టు తలతో తోస్తాడు. బయట ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. వెనక నుంచి జోజప్ప, “ఒరే గిరీ, నీ ఉపన్యాసం అయ్యేలోపు మా పూత కాయై, కాయ పండై రాలిపోద్దిరా! నా యూరియా కట్టలు చెప్పు” అన్నాడు. నలుగురూ నవ్వారు. జోజప్ప గానుగపాడు రైతు, నోరు తప్ప మనసు చెడ్డది కాదు.

“కలిపేయొచ్చు, అంతేగా?” అంది వెంకాయమ్మ, అతని తల చూసి. “బతికించావు నాయనా.”

కాదు అనాలి. అదీ ‘క’తోనే. చెయ్యెత్తి ఆపొచ్చు. కౌంటరు దాటి వెళ్ళి సంచి పట్టుకోవచ్చు. జోజప్ప నవ్వు ఇంకా వినబడుతోంది. వెంకాయమ్మ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, “అంతేగా?” అంది మళ్ళీ.

గిరిబాబు తల ఊపాడు.

మొదటిసారి ఊగింది మాట కోసం. రెండోసారి ఊపింది వదిలించుకోవడం కోసం. ఆ తేడా అతనొక్కడికే తెలుసు.

సాయంత్రం ఇంటికెళ్ళాక కాళ్ళు కడుక్కోకుండానే ఫోన్ తీశాడు. వెంకాయమ్మది బటన్ ఫోను, మెసేజీ పెట్టినా చదవలేదు. నంబరు నొక్కాడు. ఫోనంటే అతనికి చచ్చే భయం. మనిషి ఎదురుగా ఉంటే కనీసం ముఖం చూసి, పాపం ఏదో చెప్పబోతున్నాడని ఆగుతారు. ఫోన్లో నిశ్శబ్దానికి ముఖం ఉండదు.

“హలో, ఎవరూ?” అంది వెంకాయమ్మ. గిరిబాబు పెదాలు బిగుసుకున్నాయి. “హలో! మాట్లాడవేంరా, నోట్లో మన్ను పోసుకున్నావా? పనీ పాటా లేని వెధవలు” అని పెట్టేసింది.

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

“ఎవరికండీ?” అంది శ్రీవల్లి వంటింట్లోంచి. చేత్తో ఏం లేదన్నాడు. ఆమెకి చెప్తే ఒక్క నిమిషం పని. ఆమె ఫోన్ చేసి గడగడా చెప్పేస్తుంది. కానీ చెప్పాలంటే తను తల ఊపిన సంగతి చెప్పాలి. పొద్దున్నే చెప్దాంలే అనుకున్నాడు. పాకెట్టు మీద రాసే ఉంటుంది, వాళ్ళబ్బాయి నవదీప్ చదువుకున్నవాడేగా, చూసుకుంటాడులే అని కూడా అనుకున్నాడు. పొద్దున్న, తల ఊపిన మాట దాచి, కలపొద్దని చెప్పమని శ్రీవల్లి చేత ఫోన్ చేయిస్తే వెంకాయమ్మ ఎత్తలేదు. ఆమె అప్పటికే తోటలో ఉంది. మంచు విడవగానే కూలీలు డ్రమ్ము కలిపేశారు.

కొన్ని రోజులకి వెంకాయమ్మ కొట్టుకొచ్చింది. కొంగులోంచి ఒక పూతగుత్తి తీసి కౌంటరు మీద పెట్టింది. నల్లగా మాడిపోయి ఉంది. వేలు తగిలితే పొడిపొడిగా రాలింది.

“తోటంతా ఇంతే షావుకారు గారూ” అంది.

దశరథరామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఈ ఏడు మంచు పాడుగా ఉందమ్మా. అందరిదీ పోయింది.”

“పక్క తోట పచ్చగా ఉంది. మీరిచ్చినవి రెండూ కలిపి కొట్టాం.”

“ఎవరు కలపమన్నారమ్మా?”

“గిరిబాబే చెప్పాడు.”

షావుకారు నవ్వాడు. పెద్దగా కాదు, మర్యాదగానే. “గిరి చెప్పాడా? మా గిరి... చెప్పాడా?”

కొట్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గిరిబాబు అరల వైపు తిరిగి, సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దాడు.

వెంకాయమ్మ నవ్వలేదు. “నాకు మీ దగ్గర్నుంచి పైసా వద్దండీ. మా వాడు తోట పీకించేసి ఆయిల్ పామ్ వేస్తానంటున్నాడు. నీ తెలివితక్కువతనానికి ఏడాది పంట పోయింది, ఇక తోట నాకొదిలెయ్ అని కూచున్నాడు. నా అంతట నేను కలపలేదు, కొట్లో చెప్తేనే కలిపానని వాడికొక్క మాట చెప్పండి. అంతే.”

“జరగంది ఎలా చెప్తానమ్మా?” అన్నాడు దశరథరామయ్య.

ఆమె వెళ్ళిపోయాక, జనం పల్చబడ్డాక, ఆయన గిరిబాబుని దగ్గరికి పిలిచాడు. “ఏరా, నిజంగానే చెప్పావా?”

గిరిబాబు తలొంచుకున్నాడు. అది చాలు ఆయనకి. తర్వాత అతని భుజం మీద చెయ్యేసి, “ఎక్కడా అనకు. ఇవాళ ఈవిడ, రేపు పూత పోయిన ప్రతివాడూ మన కొట్టు మీదికొస్తాడు. నువ్వు నోరు తెరవక్కర్లేదు, నేను చూసుకుంటా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. గిరిబాబు జీవితంలో అందరూ ఈ మాట ప్రేమగానే అన్నారు.

ఆదివారం కొట్టు సెలవు. గిరిబాబు బండేసుకుని వినగడప వెళ్ళాడు.

వెంకాయమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. అతన్ని చూసి రమ్మనలేదు, కూచోమనలేదు. అతనే అరుగు చివర కూచున్నాడు.

“పె... పె... పెద్దమ్మా” అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. కత్తిపీట మీద కాయ చీల్చి, గింజ ఒక పక్కకి, గుజ్జు ఒక పక్కకి వేస్తూనే ఉంది. మామూలుగా అయితే ఎవరో ఒకరు ఈపాటికి ‘నీళ్ళు కావాలా?’ అనో, ‘తోట సంగతేనా?’ అనో అందించేవాళ్ళు. ఆమె అందించలేదు. జాలి చూపు చూడలేదు. కోపంగా ఉంది, ఊరికే తన పని తను చేసుకుంటోంది. సాయం చేసేవాళ్ళు లేకపోవడం గిరిబాబుకి కొత్త. ఇరుక్కున్నాడు, వదిలేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. గింజలు కుప్పగా పేరుకున్నాయి. వాకిట్లో ఎండ అరుగు ఎక్కింది. మాట ముక్కముక్కలుగా బయటికొచ్చింది.

“త... తప్పు నాది. క... క... కలపొద్దని చెప్పాలి. రా... రాలేదు. ను... నువ్వు అంతేగా అంటే... త... తలూపా. పో... పోనీలే అని ఊపా.”

వెంకాయమ్మ చెయ్యి ఆగింది. “ఇంతేనా?” అంది.

“ఇ... ఇంతే.”

“ఈ ముక్క ఆ రోజే చెప్పుంటే పోయేదిగా.” “నేను మాత్రం ఆగానా ఏంటి. ఆటోవాడు ఎక్కడ పోతాడోనని నా గోల నాది.” మళ్ళీ ఒక కాయ తీసుకుంది గానీ చీల్చలేదు. “రాత్రుళ్ళు నాకే అనుమానం వస్తంది గిరిబాబూ. నువ్వు ఊపావా, నేనే ఊపావనుకున్నానా అని. వాడు అన్నట్టు నాకే మతి పోతందేమోనని.”

గిరిబాబు కాదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు, గట్టిగా, చాలాసార్లు.

“రేపు మా వాణ్ణి కొట్టుకి తీసుకొస్తా. ఇదే మాట వాడి ముందు, షావుకారు ముందు చెప్తావా? పంట ఎటూ పోయింది. తోటన్నా ఉంటది నాకు.”

“స... సరే” అన్నాడు. దాదాపు తేలిగ్గానే వచ్చింది ఆ మాట.

ఇంటికొచ్చి శ్రీవల్లికి అంతా చెప్పాడు. చెప్పడానికి అన్నం చల్లారిపోయేంత సేపు పట్టింది. ఆమె మధ్యలో రెండుసార్లు అందించబోయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

“ఉద్యోగం పోద్దండీ” అంది చివరికి.

“తె... తెలుసు.”

“నేనొచ్చి చెప్పనా?”

“వ... వద్దు. నే... నేనే.”

శ్రీవల్లి చల్లారిన అన్నం కంచం పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా, “పోనీ ఫోన్లో టైపు చేసి పెట్టుకోండి. నోరు రాకపోతే చూపించొచ్చు” అంది. చేశాడు. జరిగింది జరిగినట్టు, నాలుగు వాక్యాలు. అలా రాస్తే ఎంత చిన్నగా ఉందో ఆ సంగతి.

మర్నాడు పొద్దున పది దాటాక నవదీప్ బండి కొట్టు ముందు ఆగింది. వెనక వెంకాయమ్మ. నవదీప్‌కి ముప్ఫై ఉంటాయి, మర్యాద తెలిసిన కుర్రాడు. “అంకుల్, సారీ, అమ్మ ఒకటే గొడవ. ఒక్కసారి మీ నోటితో చెప్పేయండి, తన మనసు కుదుటపడుద్ది” అన్నాడు దశరథరామయ్యతో.

“చెప్పాల్సింది ఆయన కాదు” అంది వెంకాయమ్మ. “గిరిబాబూ, రా. నిన్న మా అరుగు మీద చెప్పావే, అదే చెప్పు.”

షావుకారు ముఖం ఒక్క క్షణం మారింది. గిరిబాబు వైపు చూశాడు. ‘నిన్న వెళ్ళావా?’ అన్న చూపు. గిరిబాబు కౌంటరు ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. కొట్లో ఉన్న రైతులు ఇటు తిరిగారు. జోజప్ప బస్తా మీద కూచుని ఉన్నాడు. ఎవరి ఫోనో మోగుతుంటే వాళ్ళు దాన్ని నొక్కేశారు. అందరూ ఆగారు. ఇంతమంది తన మాట కోసం ఆగడం గిరిబాబు ఎప్పుడూ చూడలేదు.

“నే... నే... నే...”

గొంతులో ఏదో అడ్డం పడింది. మామూలుగా పడేదాని కంటే పెద్దది. ఊపిరి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదు. కళ్ళు మూసుకుపోయాయి. తల ఊగుతోందని తెలుస్తోంది, ఆపలేకపోతున్నాడు.

“అన్నా, టెన్షన్ పడకు, నెమ్మదిగా చెప్పు” అన్నాడు నవదీప్.

“నే... పె... పె...”

“ఆగండ్రా, చెప్పనివ్వండి” అన్నాడు జోజప్ప, ఎవరో నవ్వబోతే. ఆ జోజప్ప కూడా జాలిపడుతున్నాడని తెలియగానే ఉన్న కాస్త ఊపిరీ పోయింది. వేరే మాటతో మొదలెడదామని చూశాడు. ‘తప్పు’ అందామనుకున్నాడు. ‘త’ రాలేదు. ‘ఆ రోజు’ అందామనుకున్నాడు. అదీ రాలేదు. జాలిగల అక్షరం ఒక్కటీ మిగల్లేదు. చెమట కళ్ళల్లోకి దిగింది. పెదవి చివర ఉమ్మి చేరింది.

దశరథరామయ్య తన కుర్చీలోంచి లేచాడు. గొంతు పెంచలేదు.

“బాబూ నవదీప్, చూస్తున్నావుగా. ఇన్నేళ్ళుగా నా దగ్గరున్నాడు. నా పేరు కూడా పూర్తిగా పిలవలేదు పాపం. ఇతను మీ అమ్మకి మందులు కలిపి కొట్టమని చెప్పాడంట. ఒక్క మాట పెగలడానికి ఇంత యాతన పడే మనిషి చెప్పాడంటే నువ్వు నమ్ముతావా?”

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

గిరిబాబు జేబులోంచి ఫోన్ తీసి, రాసింది తెరిచి నవదీప్ చేతిలో పెట్టాడు. నవదీప్ చదివాడు. పైనుంచి కిందికి ఒకసారి చదివి, వాళ్ళమ్మ వైపు చూశాడు.

“నిన్న అమ్మ ఇంటికి పిలిపించిందా నిన్ను?” అన్నాడు గిరిబాబుతో.

గిరిబాబు తల అడ్డంగా తిప్పాడు.

“నేను పిలవలా. వాడే వచ్చాడు” అంది వెంకాయమ్మ.

“సరేలే అమ్మా.” నవదీప్ ఫోన్ తిరిగిచ్చేసి గిరిబాబు చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, నువ్వు చాలా మంచోడివి. మా అమ్మ బాధపడుతుంటే చూడలేక నీ మీద వేసుకుంటున్నావు. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు. మా ఇంటి గొడవ మేం చూసుకుంటాం.”

గిరిబాబు ఆ చెయ్యి వదల్లేదు. “కా... కా... కా...”

“నాకర్థమైంది అన్నా.”

“కా...”

“అర్థమైందన్నానుగా.” మెల్లగా వేళ్ళు విడిపించుకున్నాడు. “పద అమ్మా. ఉగాది వెళ్ళాక పొక్లెయిన్ వాడు వస్తానన్నాడు. నీడకి ఇంటి దగ్గర రెండు చెట్లు ఉంచుతాలే.”

వెంకాయమ్మ వెంటనే కదల్లేదు. గిరిబాబు దగ్గరికొచ్చి నిలబడింది. చెమట పట్టిన అతని ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

“నువ్వు చెప్పావని నాకు తెలుసు నాయనా” అంది. “నాకొక్కదానికి తెలిస్తే ఏం చేసుకోను?”

కొడుకు బండి వెనక ఎక్కి కూచుంది. ఖాళీ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుంది. బండి గంపలగూడెం రోడ్డు మీదుగా వినగడప వైపు తిరిగిపోయింది.

కొట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. యూరియా ధర, ఎండలు, పెళ్ళిళ్ళు. దశరథరామయ్య గిరిబాబుని కోప్పడలేదు. “ముఖం కడుక్కునిరా” అన్నాడు. ఆ తర్వాత, “రేపట్నుంచి కౌంటర్లోకి వేరే ఎవర్నైనా చూస్తాలే. నువ్వు గోడౌన్లో ఉందువుగాని. నీకూ హాయిగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడే పనుండదు” అన్నాడు. జీతం తగ్గిస్తాననలేదు. పంపించేస్తాననలేదు. అదే శిక్షగా తగిలింది గిరిబాబుకి. ఉద్యోగం పోతుందని తెలిసీ సిద్ధపడి వచ్చాడు. అది కూడా పోలేదు.

వెనక గోడౌన్లోకి వెళ్ళాడు. రేకుల కింద ఉక్కగా ఉంది. కప్పు దాకా యూరియా బస్తాలు, వాటి పక్కన గంధకం పెట్టెలు, మూల వేపనూనె డబ్బాలు. తలుపు చేరవేశాడు. బస్తా మీద కూచున్నాడు. రొమ్ము ఇంకా ఎగిరెగిరి పడుతోంది. అది నెమ్మదించేదాకా అలాగే కూచున్నాడు. తర్వాత నోరు తెరిచాడు.

“కలపొద్దని ఆ రోజు నేను చెప్పాలి పెద్దమ్మా. చెప్పలేకపోయాను. జనం నవ్వుతుంటే వదిలించుకోవాలని తల ఊపాను. తప్పు నాది, నీది కాదు.”

ఒక్క అక్షరం తడబడలేదు. రేడియోలో వార్తలు చదివినంత సాఫీగా వచ్చింది. అతను కాసేపు బస్తాల వైపు చూశాడు. మళ్ళీ అన్నాడు. ఈసారి ‘నవదీప్, విను’ అని మొదలుపెట్టాడు. అదీ అలాగే వచ్చింది, నీళ్ళలా.

“గిరీ, రెండు యూరియా!” అని కొట్లోంచి కేక వినపడింది. “విన్నావా?”

గిరిబాబు లేచి మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు.